ఉప్పు కలపని పిండి

చూలై,
మద్రాసు,
28 జూన్ 1998

జోలార్‌పేట బాలికల హాస్టల్ వంటశాలను పన్నెండేళ్లుగా ఏకచ్ఛత్రంగా ఏలుతున్న కనకవల్లి అత్త దివ్యసముఖానికి,

నీ మేనల్లుడు శ్రీకుమార్, బి.ఎస్సీ. (రెండో తరగతి, అదీ దేవుడి చలవ), సాష్టాంగపడి, లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని చేసుకునే విన్నపం.

నాకు ఉద్యోగం వచ్చింది. నవ్వకు. అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక లేతు షెడ్డు ఉంది. దాని మేడ మీద మా కంపెనీ ఉంది. కింద ఇనుము అరుస్తుంటుంది, పైన మా యజమాని దొరస్వామి అరుస్తుంటాడు. మేము కంప్యూటర్ ఆటలు తయారుచేస్తాం. మొదటి ఆట పేరు ‘మంచు బంగళా’. మీ పక్కనున్న ఏలగిరి కొండ మీదే కథ. బంగళా యజమాని చచ్చి పడి ఉంటాడు, ఇనప్పెట్టె ఖాళీగా ఉంటుంది. ఆడేవాడు డిటెక్టివ్. మౌస్ నొక్కుతూ గదిగదీ తిరిగి, హంతకుణ్ణి పట్టుకోవాలి.

ఇందులో నాకు అప్పగించిన మహత్కార్యం ఏమిటంటే, ఒక మనిషి గతం రాయడం. బంగళా వంటమనిషి తంగమ్మ. హత్య జరిగే ముందే, తెల్లవారకుండా, సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఆటలో ఆమె ఎక్కడా కనపడదు. కళాకారణం అనుకునేవు, అదేం కాదు. బొమ్మలు గీసే ఆంటోకి ఆడవాళ్ల చేతులు గీయడం రాదు, గీస్తే ముల్లంగులు వస్తున్నాయి. అందుకని ఆమెను ఊరు పంపించేశాం.

దొరస్వామి తన అరవ తెలుగులో అన్న మాట ఇది: “తంబీ, ఆగస్టు ఒకటో తేదీలోపల ఆమె ఎందుకు పోయిందో నువ్వు చెప్పాల. చెప్పలేదంటే ఆమేదా దొంగ. హంతకుడికి తలుపు తీసింది కూడా ఆమేనని రాసేస్తా. మనకి పని తగ్గిపోతుంది.”

అత్తా, చేతులు గీయడం రాలేదని ఒక ఆడమనిషిని దొంగను చేస్తారా? నాకు రోషం వచ్చింది. కానీ కారణం తట్టడం లేదు. నలభై అయిదేళ్ల మనిషి ఎవరికీ చెప్పకుండా ఇల్లు ఎందుకు వదులుతుంది? నువ్వు నా ఏకైక సలహా మండలివి.

ఇక్కడ అందరూ క్షేమం. నాన్న రిటైరయ్యాక కూడా పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ సైరన్ టైముకే లేస్తున్నాడు. నీ ఉత్తరం వస్తే తనే తీసుకుంటాడు, టీవీ మీద పెడతాడు, “ఏమంట?” అంటాడు. నేను చెప్పబోయేలోగా మొక్కలకి నీళ్లు పోయడానికి వెళతాడు. పన్నెండేళ్లుగా ఇదే తంతు. నువ్వు ఈ గడప తొక్కేలోగా మా తులసి మునిగి చస్తుందేమోనని నా భయం.

నీ పాదధూళికి దూరంగా, ఇనుప ధూళికి దగ్గరగా ఉన్న
శ్రీ

*

జోలార్‌పేట,
3 జులై 1998

చిరంజీవి శ్రీకి అత్త ఆశీస్సులు.

ఉద్యోగమని తెలిసి సంతోషం. అది ఉద్యోగమేనా అని సెలీనాని అడిగినాను. నాతో చదువుకున్న సెలీనాయే, ఈ హాస్టల్ వార్డెన్. “జీతం ఇస్తే ఉద్యోగమే” అనింది. ఇస్తారా?

ఏలగిరి మీద హత్య ఆటే అని నువ్వు రాసినావు, సరే, నాకు తెలుసు. అయినా మనసు ఆగక కొండ మీదినుంచి వచ్చే పాలవాణ్ణి అడిగినాను. అట్లాంటి బంగళా లేదన్నాడు. కొంచెం నిమ్మళం.

ఇంగ తంగమ్మ సంగతి. కారణం గాలిలో వెతికితే దొరకదురా. వంటిల్లు చూడు. మనిషి అబద్ధం చెప్తాది, వంటిల్లు చెప్పదు. ముందు రాత్రి గిన్నెలు తోమిందా, అట్లే పడేసిందా? పొయ్యి తుడిచిందా? మసిగుడ్డ ఉతికి ఆరేసిందా? పారిపోయే మనిషి మసిగుడ్డ ఉతకదు. మీ ఆంటో వంటిల్లు గీసినాడా? ఏమేమి గీసినాడో ఒక్కటీ వదలకుండా రాయి. ముల్లంగి చేతులవాడైనా గిన్నెలు సరిగా గీసి ఉంటాడు.

ఈడ ఎండలు తగ్గినాయి. పిల్లలకి గురువారం పొంగలి చేస్తే, ఒక పిల్ల వచ్చి “అక్కా, మీరు మా ఊరికి వచ్చేయండి” అనింది. నన్ను రమ్మని పిలిచేవాళ్లు ఉన్నారురా లోకంలో, ఎనిమిదో క్లాసులో అయినా.

తులసికి నీళ్లు అంత పొయ్యకూడదని చెప్పు. ఎవరికి చెప్పాలో నీకు తెలుసు.

అత్త కనకవల్లి

*

చూలై,
9 జులై 1998

నేరపరిశోధన శాఖాధిపతి అత్తకు,

తమరి ఆజ్ఞ ప్రకారం వంటిల్లు సోదా చేశాను. ఆంటో పెరంబూరులో వాళ్లమ్మ వంటింటిని చూసి గీశాడట. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. మసిగుడ్డ మేకుకి వేలాడుతోంది (నీకు జై). ఒక మూల రుబ్బురోలు, దాని పక్కనే కొత్త కరెంటు గ్రైండరు, ఇంకా మీద ప్లాస్టిక్ కాగితం కూడా తీయలేదు. గట్టు మీద గిన్నె నిండా పిండి. “ఇవన్నీ ఎందుకు పెట్టావురా” అంటే, “ఖాళీగా ఉంటే వంటిల్లులా లేదు మచ్చా” అన్నాడు. కళ అంటే అదీ.

నేను దీన్నుంచి బ్రహ్మాండమైన గతం అల్లాను. విను. తంగమ్మ ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఉంది. యజమాని ఆమెను అడగకుండా గ్రైండరు కొన్నాడు. గొడవైంది. ఆమె ఆ రాత్రి కోపంగా చేత్తోనే పిండి రుబ్బి, తెల్లవారకముందే చెప్పాపెట్టకుండా సంచితో వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఎలా ఉంది? దొరస్వామి మెచ్చుకున్నాడు, కానీ “కోపంతో పోయిన మనిషే దొంగకి తలుపు తీస్తుంది, ఇంగా సులభం” అన్నాడు. ఆమెను కాపాడబోయి గొయ్యి నేనే తవ్వినట్టయింది.

ఒక వింత. వంటింటి బొమ్మ కాగితం మీద తీసి ఇంటికి తెచ్చాను. నాన్న చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత దాన్ని బోర్లాపెట్టి బయటికి వెళ్లిపోయాడు. ఆంటో గీసింది అంత బాగాలేదా?

సలహా కోసం నోరు తెరుచుకుని కూచున్న
శ్రీ

*

జోలార్‌పేట,
13 జులై 1998

శ్రీకి,

ఉత్తరం చేరింది. ఉత్తరంలో పెట్టి పంపిన రాయి కూడా చేరింది.

మీ నాయన జనార్దనం చెప్పి రాయించినాడు గదా? పన్నెండేళ్లు నోరు మెదపని మనిషి, ఇప్పుడు కొడుకు చేత ఆట అల్లించి అడుగుతాడా, ఎందుకు పోయినావని? గ్రైండరు, రుబ్బిన పిండి, తెల్లవారుజామున సంచి. పేరొకటి మార్చితే సరిపోతుందా?

చెప్పు మీ నాయనకి. నేను చెప్పాపెట్టకుండా పోలేదు. మీ అమ్మ పాలబూతుకి పోయింది, నువ్వు నిద్రలో ఉండావు. వాడు నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకోని ఉండాడు. తల దగ్గిర నిలబడి “సెలీనా దగ్గిరకి పొయ్యొస్తా” అన్నాను. వాడు గోడ వైపు తిరిగినాడు. జవాబు అంతే.

ముందు రోజు గ్రైండరు దింపించి అందరి ఎదుటా వాడు అన్నది కూడా చెప్పు: “ఇంగ నీకేం పని లేదక్కా.” వాణ్ణి పెంచడానికి పెళ్లి కూడా వద్దనుకున్న అక్కతో అనే మాటేనా?

మా కాలంలో ఇల్లు విడిచిన ఆడపడుచుని తోడబుట్టినవాడు పోయి, తాంబూలం ఇచ్చి, పిలుచుకోని వచ్చేవాడు. అట్ల పిలవనిదే గడప తొక్కకూడదు. వాడికి తెలుసు ఈ మాట. ఈ రోజుదాకా వాడు రాలేదు.

దొంగ అని రాస్తే రాసుకోనీ మీ దొరస్వామిని. కనపడని మనిషే గదా, ఎవరు అడుగుతారు?

ఇట్లు,
తంగమ్మ

*

చూలై,
17 జులై 1998

అత్తా,

ఈసారి బిరుదులు లేవు. నోట్లోంచి రావడం లేదు.

నీ మీద ఒట్టు, నాన్న మీద ఒట్టు, ఆంటో గీసిన ముల్లంగుల మీద ఒట్టు, నాకు ఏమీ తెలియదు. అత్త కోపంతో వెళ్లిపోయింది అన్నంతవరకే నాకు ఈ ఇంట్లో ఎవరైనా చెప్పింది. గ్రైండరు ఆంటో వాళ్లమ్మది. గొడవ నేను అల్లింది. ఇంతమంది అమాయకులు కలిసి ఒక మనిషి గుండెలో గుచ్చగలరని ఇప్పుడే తెలిసింది.

నీ ఉత్తరం చదివాక ఊరుకోలేకపోయాను. ఆటలో డిటెక్టివ్‌కి జీతం ఇవ్వరు, నాకూ ఇంకా ఇవ్వలేదు, కాబట్టి ఆ హోదాలో మొదటి సాక్షిని వంటింట్లోనే నిలదీశాను. అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది.

“అమ్మా, అత్త వెళ్లిన రోజు ఏం జరిగింది?”

“ఇప్పుడెందుకురా అది? చేతిలో కత్తి ఉండాది చూడు.”

“అందుకే అడుగుతున్నా. నిజం చెప్తావని.”

“ఏముంది. పాలు తెచ్చేలోపల పోయింది. సెలీనా ఊరికి అని నాకు తర్వాత తెలిసింది. పోయే ముందు రాత్రి మాత్రం రోట్లో పిండి రుబ్బింది. కొత్త గ్రైండరు పక్కనే ఉండంగా! ఒక గిన్నె గట్టు మీద, ఇంకో గిన్నె నీళ్లతొట్టిలో. గట్టు మీది పిండి ఇడ్లీలు దూదే. ఆదివారం తొట్టిలోది తీసి దోసెలు పోసినా. ఐయో, చప్పిడి. ఉప్పే లేదు. మీ నాయన ఒక ముక్క తిన్నాడు. కంచం పక్కకి తోసినాడు. లేచి పోయినాడు.”

రెండో సాక్షి మొక్కల దగ్గర దొరికాడు. నేను నేరుగా అడిగేశాను. “నాన్నా, ఆ ఆదివారం దోసె తినకుండా ఎందుకు లేచావు?”

నాన్న చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. నీళ్లు మాత్రం పోతూనే ఉన్నాయి.

“ఎవరు చెప్పినారు నీకు?”

“తమరి ధర్మపత్ని. కత్తి చేతిలో ఉండగా.”

చెంబు కింద పెట్టాడు. తరవాత మెల్లగా అన్నాడు. “మా అక్క వంటలో ఉప్పు మరిచిన రోజు లేదురా. నా జన్మలో లేదు. అట్లాంటిది గిన్నెడు పిండి ఉప్పు లేకుండా పెట్టి పోయిందంటే ఏంది అర్థం? ఈ ఇంటి ఉప్పుతో నాకు సంబంధం తీరిపోయింది అనే గదా? నోటితో అనలేక పిండితో అనింది. తాంబూలం తీసుకోని పోయి నిలబడితే మాత్రం, ఉప్పే వద్దన్న మనిషి ఆకూ వక్కా తీసుకుంటుందా?”

“గ్రైండరు ఎందుకు కొన్నావు?”

“అక్క భుజం నొప్పి అనేది. రాత్రిపూట మూలుగు వినపడేది. ఓవర్ టైం చేసి కొన్నా.” ఇంతే చెప్పి కుళాయి దగ్గరికి వెళ్లాడు. ఆ గ్రైండరు మన ఇంట్లో ఎవరూ వాడరు అత్తా. అమ్మ పక్కింటికి పోయి రుబ్బించుకుని వస్తుంది. ఇదేమి రాజ్యాంగమో నాకు ఇన్నేళ్లూ అర్థం కాలేదు.

“పొయ్యొస్తా” అన్న సంగతి అడిగితే, విననే లేదన్నాడు. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన నాన్నను నిద్ర లేపాలంటే కోచ్ ఫ్యాక్టరీ సైరన్‌కే చేత కాదు, నీకు తెలియనిదా?

ఒక్క ప్రశ్న. నిజంగానే ఉప్పుతో అలా అన్నావా?

శ్రీ

*

జోలార్‌పేట,
21 జులై 1998

ఒరే శ్రీ,

నీ ఉత్తరం చదివి నవ్వినాను. సెలీనా వచ్చి చూసేసరికి ఏడుస్తా ఉండాను. “ఏంది కనకా” అంటే “ఉప్పు” అన్నాను. ఆమె వంటిల్లు చూడను పోయింది.

ఒరే, గిన్నెడు పిండికి ఉప్పు కలిపేస్తే ఆదివారం దాకా నిలుస్తుందా? మద్రాసు ఎండకి పులిసి పొంగి గుమ్మం దాకా రాదూ? గట్టు మీది గిన్నె మరుసటి రోజుకి, అందులో ఉప్పు వేసినా. తొట్టిలో చల్లగా పెట్టింది ఆదివారానికి. దాంట్లో ఉప్పు ఏ రోజుకి ఆ రోజు కలుపుతారు. ఎవరు కలుపుతారు? నేను. ఆదివారం పొద్దున బండికి నేను వచ్చి కలుపుతా అనే గదా వెయ్యనిది! తిరిగి రాకూడదు అనుకున్న మనిషి రెండో గిన్నె ఎందుకు రుబ్బుతుంది, భుజం నొప్పితో?

మీ అమ్మకి చెప్పిపెట్టి ఉండాల్సింది. నువ్వు పుట్టి పెరిగినా అది అప్పటికీ వంటింట్లో కొత్తే. వంటిల్లంతా నా చేతిలోనే పెట్టుకున్నాను, అందుకని ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఆదివారం ఎందుకు రాలేదంటావా? శనివారం ఈడ వంటామె కాలు జారి పడింది. ఇంతమంది పిల్లలు ఆకలితో చూస్తా ఉండారు. రెండు రోజులు ఉంటానన్నాను. ఆ రెండు రోజుల్లో వాడు వస్తాడేమో అని ప్రతి బండికీ చెవి పెట్టినాను. రాలేదు. నాకూ బింకం వచ్చింది. వంటామెకి కాలు బాగైంది, నా బింకానికి బాగు కాలేదు.

భుజం నొప్పి వినపడేదన్నాడా? గోడ అవతలికి?

నాకు ఇంకేమీ రాయను చేత కాలేదు. తంగమ్మని దొంగ చెయ్యొద్దు. ఆమె వస్తుందని చెప్పు మీ దొరస్వామికి.

అత్త

*

చూలై,
26 జులై 1998

ఉప్పుకి నిజమైన అర్థం చెప్పిన అత్తకు,

తంగమ్మ కేసు కొట్టేశారు!

నీ ఉత్తరం పట్టుకుని దొరస్వామి గదిలోకి దూసుకుపోయాను. ఆంటో చేత ఇంకో గిన్నె గీయించాను, నీళ్లతొట్టిలో. ఇప్పుడు ఆటలో ఎలా ఉంటుందంటే, డిటెక్టివ్ గట్టు మీది పిండి రుచి చూస్తే “ఉప్పు ఉంది” అని అక్షరాలు వస్తాయి. తొట్టిలోది చూస్తే “ఉప్పు లేదు.” అంతే, ఇంకేమీ చెప్పం. ఆలోచించినవాడికి తెలుస్తుంది, ఈమె తిరిగి రావాలనుకున్న మనిషి అని. తొందరపడి తంగమ్మను దొంగ అన్నవాడు ఆట ఓడిపోతాడు. దొరస్వామి గట్టిగా మూడుసార్లు కుర్చీ తిప్పుకుని, “తంబీ, మా ఆవిడ కూడా ఇట్లేదా చేస్తుంది, నేను ఎప్పుడూ అడగనే లేదే” అన్నాడు. ఆ సాయంత్రం తొందరగా ఇంటికి పోయాడు. కింద లేతు షెడ్డువాళ్లు ఏమైందోనని కంగారుపడ్డారు.

చివరి దృశ్యం కూడా మార్చాం. హంతకుడు దొరికాక, తెర మీద ఎవరూ ఉండరు. బయట గేటు గొళ్లెం తీసిన చప్పుడు వినిపిస్తుంది. అంతే. చేతులు గీయనక్కరలేదు. అత్తా, నేను ఆటలో అందరి గతాలూ చదివాను. హంతకుడికి నాలుగు పేజీలున్నాయి, ఒక్క ముక్క గుర్తు లేదు. కనపడని తంగమ్మ ఉన్నంతగా ఆ బంగళాలో ఇంకెవరూ లేరు. అలాంటి మనిషిని రాసే పని నాకు దొరకడం నా పూర్వజన్మ సుకృతం. ఆమెకి మూలం ఎవరో ఆటలో రాయలేదు. రాస్తే నీ సాంబారుకి జనం ఎగబడతారు.

ఇక ఇంటి సంగతి. నీ ఉత్తరం ఈసారి నేనే విప్పి, టీవీ మీద తెరిచే ఉంచి, పళ్లు తోముకోవడానికి వెళ్లాను. చాలాసేపు తోమాను. చిగుళ్లు ఇంకా నొప్పి. వచ్చేసరికి నాన్న కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. తుడుచుకోవాల్సింది అద్దాలు కాదు. ఆ రోజు మొక్కలకి నీళ్లు పోయలేదు. తులసి ఊపిరి పీల్చుకుంది.

నిన్న గ్రైండరు మీది ప్లాస్టిక్ కాగితం తీశాడు. పన్నెండేళ్ల తరవాత! తడిగుడ్డతో తుడిచి, స్విచ్ వేసి, అది తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాడు. అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. ఎవరూ మాట్లాడలేదు. నా వంటి వాచాలుడికి అది ఎంత కష్టమో నీకు తెలుసు.

రాత్రి అన్నం తింటూ అడిగాడు. “ఒరే, జోలార్‌పేటకి పొద్దున ఏ బండి?”

రైలుపెట్టెలు తయారుచేస్తూ జీవితం గడిపిన మనిషి నన్ను బండి అడుగుతున్నాడు! “కోయంబత్తూరు బండి నాన్నా. ఎందుకు?” అన్నాను, నా ముఖాన్ని నేను చాలా గొప్పగా అదుపులో పెట్టి.

“ఊరికే” అన్నాడు. అమ్మ మారు మాట్లాడకుండా లేచి, ఆకులు, వక్కలు ఉన్నాయా అని డబ్బా మూత తీసి చూసింది.

ఎప్పుడు బయలుదేరతాడో నేను చెప్పలేను. బింకం మీ ఇద్దరికీ ఒకే తల్లి పాలతో వచ్చింది. నేనైతే ఏమీ అడగను. నువ్వూ ఏమీ తెలియనట్టే ఉండు. మన ముగ్గురిలో అది చేతనైంది ఎవరికో చూద్దాం.

నీ ఉప్పు తిన్న
శ్రీ

*

జోలార్‌పేట,
3 ఆగస్టు 1998

చిరంజీవి శ్రీకి,

ఈ ఉత్తరం నీకు చేరే ముందు నీకు అంతా తెలిసిపోతుందేమో. అయినా రాయాలనిపించింది.

ఈరోజు పొద్దున నేను వంటింట్లో ఉండాను. పిల్ల ఒకటి పరిగెత్తి వచ్చి “అక్కా, గేటు దగ్గిర ఒక తాతయ్య నిలబడుకోని ఉండాడు. లోపలికి రమ్మంటే రాడు, పొమ్మంటే పోడు” అనింది. నాకు గేటు గొళ్లెం చప్పుడు ముందే వినపడింది. నీ ఆట రాసినావు గదా, చెవి ఆడనే ఉండాది.

తెల్ల చొక్కా, చేతిలో సంచి. ముసలోడైపోయినాడురా. నాకు చెప్పలేదే నువ్వు. “తిన్నావా?” అన్నాను. “లేదు” అన్నాడు.

ఇడ్లీ పెట్టినాను. ఒక ముక్క నోట్లో పెట్టుకోని ఆగినాడు. “ఉప్పు ఉంది” అన్నాడు. నీ ఆటలో అక్షరాల మాదిరిగానే. ఇంగ చూడు, ఇద్దరం నవ్వినది సెలీనా గదిదాకా వినపడింది.

తర్వాత సంచిలోనుంచి ఆకూ వక్కా తీసి, రెండు చేతులా పట్టుకోని, “పని లేదన్నది నీ భుజానికి అక్కా, నీకు కాదు” అన్నాడు. ఈ మాట బండిలో దారంతా అనుకుంటా వచ్చినట్టు ఉండాడు, గడగడా అనేసినాడు. నేను తీసుకున్నాను.

సెలీనా కోపంగా ఉండాది, మంచి వంటామె దొరకదని. సంతోషంగా కూడా ఉండాది. రెండూ ఒకే ముఖంలో పెట్టుకోని తిరుగుతుంది.

మీ నాయన ఇప్పుడు హాస్టల్ మొక్కలకి నీళ్లు పోస్తా ఉండాడు. ఎవరైనా ఆపండి.

నేను సామాను సర్దుకున్నానా అని అడుగుతావు. డిటెక్టివ్‌వి గదా, నువ్వే కనుక్కో. పొయ్యి తుడిచినాను. మసిగుడ్డ ఉతికి ఆరేసినాను. రేపటికి ఈడ బియ్యం నానబెట్టలేదు.

అత్త